గవర్నర్ సాబు చేసిన పెండ్లి

సిద్ధిరాములు శవమున్న పాడెను గవర్నర్ కాలనీ దాటించి తారు రోడ్డు మీదికి తెచ్చారో లేదో, డప్పు దరువు మారింది.

మారాల్సిన పనే లేదు. చావు డప్పు చావు డప్పులాగే పోతోంది. ముందు నడుస్తున్న ముసలి డప్పుకాడు ఎందుకో వెనక్కి తిరిగి చూశాడు. పాడె వెనక మంగవ్వ కనబడింది. ఎన్నో ఏళ్ళు అలవాటు పడిన చెయ్యి కదా, మంగవ్వ కనబడితే ఏ దరువు వెయ్యాలో దానికి తెలుసు. వేసేసింది. చెయ్యి చేసింది చాలక నోరు కూడా ఊరుకోలేదు.

"ఆడు మంగవ్వా!" అన్నాడు.

అన్నాక గానీ ఏమన్నాడో తెలియలేదు పెద్దమనిషికి. నాలుక కరచుకున్నాడు. పాడె మీద పడుకున్నవాడు ఆమె మొగుడు. ఏ ఊళ్ళోనైనా మొగుడి పాడె ముందు పెండ్లాన్ని ఆడమంటారా? కానీ అప్పటికే మంగవ్వ కుడికాలు లేచింది. ఆడాలని ఆమె అనుకోలేదు. కాలు దానంతటదే లేచింది. ఎవరిదో కాలును చూసినట్టు దాన్ని చూసింది మంగవ్వ. తర్వాత మెల్లగా కింద పెట్టింది.

పక్కింటి మరియ ఆమె జబ్బ పట్టుకుంది. "నడువక్కా" అంది. మంగవ్వ నడిచింది.

పూడ్చి వచ్చాక ఆడవాళ్ళు చుట్టూ చేరారు. మంగవ్వ శోకం ఎత్తుకుంటే తామూ అందుకుందామని కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చున్నారు. మంగవ్వ అందరి వంకా చూసి, "ఛాయ్ తాగిండ్రా?" అని అడిగింది. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ రోజు ఏడవలేదు, మర్నాడూ ఏడవలేదు. కామారెడ్డి నుంచి వచ్చిన కూతురు వందన తలుపు పట్టుకుని ఏడుస్తుంటే, పక్కింటివాళ్ళ పిల్లను ఓదార్చినట్టు వీపు నిమిరింది. ఏడవాలని ఆమెకూ ఉంది. లోపల ఎక్కడా ఏమీ తగలడం లేదు, అంతే.

మంగవ్వ సంగతి చెప్పాలంటే కొంచెం వెనక్కి పోవాలి. ఎల్లారెడ్డి దగ్గరి ఆ ఊళ్ళో ఆమె జోగిని. చిన్నప్పుడు ఒళ్ళంతా అమ్మవారు పోస్తే, బతికితే పిల్లను నీకే ఇస్తానని తల్లి పోచమ్మకు మొక్కింది. బతికింది. ఇచ్చేశారు. గుడి ముందు దేవుడి పేరున మెడలో పుస్తె కట్టారు. ఇక ఆ పిల్లకు మనిషి మొగుడు ఉండకూడదు. మనిషి మొగుడు లేని ఆడది గనక పెద్దింటి మగవాళ్ళు ఎవరు పిలిచినా కాదనకూడదు. ఇది ఏ దేవుడు చెప్పాడో మాత్రం ఎవరూ అడగలేదు. పెద్దింట్లో చావైతే పాడె ముందు ఆడాలి. పెండ్లయితే పెండ్లికూతురి పుస్తెకు నల్లపూసలు గుచ్చాలి. ఆమె మొగుడు దేవుడు, దేవుడు చావడు, కాబట్టి జోగినికి ముండమోపితనం లేదు. ఆమె ఎదురొస్తే పోయిన పని అవుతుంది. ఎంత మర్యాదో చూడండి! ఆ మర్యాద చేసినవాళ్ళెవరూ ఆమెను గడప దాటి లోపలికి రానిచ్చింది లేదు.

రాష్ట్రం ఇంకా విడిపోని ఆ రోజుల్లో హైదరాబాదుకు ఒక గవర్నర్ వచ్చాడు. ఎక్కడో ఉత్తరాది మనిషి. గవర్నర్ అన్నాక రిబ్బన్ కత్తిరించి, దండ వేయించుకుని పోవాలి గదా, ఆయనకు ఆ కుదురు లేదు. హాస్టళ్ళ వంటింట్లోకి చెప్పకుండా దూరేవాడట. చెప్పులు కుట్టేవాళ్ళ అరుగుల మీద కూర్చునేవాడట. కలెక్టర్లకు ఆయన వస్తున్నాడంటే జ్వరం. అలాంటాయన కార్లకు, కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి వచ్చే దారిలో ఒక శవయాత్ర అడ్డం వచ్చింది. పాడె ముందు ఒక పిల్ల నోట్లో వేపమండ పెట్టుకుని ఎగిరెగిరి ఆడుతోంది.

ఆయన కారు దిగాడు. దిగి, పక్కనున్న ఆఫీసరుతో అడిగించాడు. "చనిపోయినాయన నీకేమవుతాడమ్మా?"

"ఏం కాడు దొరా" అంది మంగవ్వ.

"మరి ఎందుకు ఆడుతున్నావు?"

ఆ మాట మంగవ్వను ఎవరూ ఎప్పుడూ అడగలేదు. "ఆడకపోతే ఎట్ల?" అంది. ఆఫీసరు ఆ మాటను హిందీలో చెప్పాడు. గవర్నర్ సాబు టోపీ తీసి చేతిలో పట్టుకుని, పాడె కనుమరుగయ్యేదాకా ఎండలో నిలబడ్డాడు. ఆ నిలబడటంలోంచే మిగతాదంతా పుట్టిందని మంగవ్వ ఇప్పటికీ చెబుతుంది.

మరుసటి ఏడు ఎల్లారెడ్డి బడి మైదానంలో షామియానా వేశారు. చుట్టుపక్కల ఊళ్ళ జోగినులందరికీ ఒక్కసారే పెండ్లి. పెండ్లికొడుకులను ఆఫీసర్లు వెతికారు. ముందుకొచ్చినవాడికి గవర్నర్ పేరున కట్టిన కాలనీలో ఇల్లు, పాలిచ్చే బర్రె. దేవుడి పేరున కట్టిన పుస్తెలను ఒక ఇత్తడి పళ్ళెంలో వెయ్యమన్నారు. మంగవ్వ తీసి వేసింది. ఏడాది నిండిన వందన ఒళ్ళో ఉంది. ఆ పిల్ల తండ్రి ఎవరో ఊరందరికీ తెలుసు, ఊళ్ళో ఎవరూ అనరు. ఆడపిల్లల వైపు పెద్దగా గవర్నర్ సాబే నిలబడ్డాడు. ఒక్కొక్కరి నెత్తిన చెయ్యి పెట్టి, చీర చేతిలో పెట్టి, "నేటి నుంచి రాజ్‌భవన్ మీ పుట్టిల్లు అనుకోండి" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆయన ఇచ్చిన చీర మొదటి ఉతుకులోనే రంగు దిగింది గానీ, ఆ చెయ్యి మాత్రం మంగవ్వ నెత్తిన చాలా కాలం ఉంది.

మంగవ్వ మెడలో పుస్తె కట్టిన సిద్ధిరాములుది పెద్దకొడప్‌గల్. ఎల్లారెడ్డి గంజ్‌లో బస్తాలు మోసే హమాలీ. పొట్టివాడు, నోరు పెద్దది. బర్రెను గుంజకు కట్టేసి, ఆ సాయంత్రమే చెప్పేశాడు.

"అబద్ధమెందుకు? బర్రె కోసం జేసుకున్ననే నిన్ను."

"మంచిగ జేసినవ్" అంది మంగవ్వ. ఆమెకు కోపం రాలేదు. అప్పటిదాకా ఏ మగవాడూ ఆమెతో నిజం చెప్పలేదు.

ఊరు అతనికి 'బర్రె మొగడు' అని పేరు పెట్టింది. తర్వాతి ఎండాకాలం బర్రె చచ్చిపోయింది. అప్పటికే మిగతా పెండ్లికొడుకుల్లో చాలామంది బర్రెలమ్ముకుని, చెప్పాపెట్టకుండా పోయారు. ఇక ఇతనూ పోతాడని ఊరంతా కాచుక్కూర్చుంది. సిద్ధిరాములు బర్రెను పూడ్చి వచ్చాడు. కాళ్ళు కడుక్కున్నాడు. "కూరేం జేసినవ్?" అని అడిగాడు. అంతే, ఉండిపోయాడు. వందనను బడిలో వేసేటప్పుడు తండ్రి పేరు దగ్గర పంతులు పెన్ను ఆపి అటూఇటూ చూస్తుంటే, "సిద్ధిరాములు అని రాయి సారూ, ఇంత లావున నీ ముందట నిలవడ్డ గదా" అన్నాడు. ఆ పిల్ల ఇప్పుడు కామారెడ్డిలో ఒక దవాఖానలో నర్సు.

బతుకమ్మ పండుగకు వాడలో ఆడవాళ్ళంతా తల్లిగారింటికి పోతుంటే, ఒక ఏడు మంగవ్వ గడపలో కూర్చుని చూస్తోంది. "పా, నీ తల్లిగారింటికి పోదాం" అన్నాడు సిద్ధిరాములు. నిజంగానే హైదరాబాదు తీసుకుపోయాడు మహానుభావుడు! రాజ్‌భవన్ గేటు దగ్గర జవాను ఎవరు కావాలంటే, "ఇది మా ఇంటిదాని తల్లిగారిల్లు సారూ" అన్నాడు. జవాను నవ్వీ నవ్వీ గేటు పట్టుకున్నాడు. ఆ గవర్నర్ మారి అప్పటికి ఎన్నాళ్ళయిందో. ఇద్దరూ రోడ్డు పక్కన మిరపకాయ బజ్జీలు తిని, తిరుగు బస్సెక్కారు. "మీ అన్నలు మంచోళ్ళు గాదే, అన్నం గూడ పెట్టకపాయిరి" అన్నాడు సిద్ధిరాములు. మేడ్చల్ దాటేదాకా మంగవ్వ నవ్వు ఆపుకోలేకపోయింది.

ఇంత జరిగినా ఊరు మాత్రం తన పద్ధతి మానలేదు. ఆ వాడకు కులపెద్ద హన్మాండ్లు. కామారెడ్డి కోర్టులో అతనికో భూమి పంచాయితీ, తెగదు, తెల్లారదు. వాయిదా ఉన్న ప్రతి పొద్దునా మోటార్ సైకిల్ బయటికి తీసి, "మంగవ్వా, జెర ఎదురు రా" అని కేకేసేవాడు. ఆమె నీళ్ళ బిందె ఎత్తుకుని ఎదురు నడిచేది. సిద్ధిరాములు ఒకసారి అడ్డం పోయాడు.

"పెండ్లయిన మనిషి గదనే, ఇంకా జోగిని లెక్క పిలుస్తవేంది?"

హన్మాండ్లు నవ్వాడు. "గవర్నర్ జేసిన పెండ్లి గవర్నర్ ఎంబడే పాయె. ఆమె పోచమ్మ మనిషి, సిద్ధిరాములూ."

"మరి నేనెవన్ని? ఆ ఇంట్ల కిరాయికున్ననా?"

అక్కడున్నవాళ్ళంతా పగలబడి నవ్వారు. సిద్ధిరాములు కూడా నవ్వాడు. ఇంటికి వచ్చి మాత్రం అన్నం ముట్టలేదు.

అలాంటి సిద్ధిరాములు, పండుటాకు కూడా కాని మనిషి, గంజ్‌లో బస్తా దించి కూర్చుని, మళ్ళీ లేవలేదు.

దినాల సంగతి మాట్లాడటానికి హన్మాండ్లు వచ్చాడు. మంచివాడే, సాయం చేసేవాడే. బియ్యం ఎవరు తెస్తారు, మేకపిల్ల ఎవరింట్లో ఉంది, కాలువ దగ్గరికి ఎప్పుడు పోవాలి, అన్నీ చెప్పాడు. చివరికి లేస్తూ, ఓదార్పుగానే అన్నాడు.

"గాజులు పగులగొట్టుడు, పుస్తె తీసుడు గిట్ల నీకేం లేవు మంగవ్వా. నువ్వు దేవుని పెండ్లానివి. నీకు ముండమోపితనం రాదు. గదొక్కటన్న అదృష్టం."

అప్పటిదాకా గోడకు చూస్తున్న మంగవ్వ తల తిప్పింది.

"నా గాజులు పగులగొట్టుండ్రి" అంది.

దుఃఖంతో మతి తప్పిందనుకున్నారు. ముసలి సాయవ్వ, వాడలో ముండమోపులకు పెద్ద, ఎవరి మొగుడు చచ్చినా గాజులు తీసేది ఆమే, దగ్గరికి జరిగి, "అట్లనకు బిడ్డా" అంది. "నా చేతులు వట్టుకొని ఎంతమంది ఏడ్సిండ్రో, తియ్యకవ్వా అని. నువ్వు తియ్యమంటవేంది? పోచమ్మకు కోపమొస్తే ఊరు మీద పడ్తది. నేనైతే ముట్ట."

వందనకు ఇంకో రకంగా కోపం వచ్చింది. అందరూ పోయాక తల్లి ముందు కూర్చుంది.

"ఏందమ్మా ఇది? చదువుకున్నోళ్ళు గాజులు తియ్యొద్దని చెప్తుంటే నువ్వు తియ్యమంటవా? గవర్నర్ సార్ గిందుకేనా నీకు పెండ్లి జేసింది? ఆయనుంటే ఒప్పుకునేటోడేనా?"

కూతురు చెప్పింది తప్పని మంగవ్వకు అనిపించలేదు. గవర్నర్ సాబు ఒప్పుకునేవాడు కాదేమో కూడా.

"ఈ గాజులు ఇట్లనే ఉంటే, మీ బాపు ఎవలు బిడ్డా?" అంది. "ఊరు ఏమంటది? దాని మొగడు గుళ్ళె ఉన్నడు, ఇంట్లకెళ్ళి ఎవలో పోయిండ్రు అంటది. నలబై ఏండ్లు నా పక్కన పన్నడు. నీకు తన పేరిచ్చిండు. కిరాయికున్నోడా ఆయన?"

బాపు అన్నం ముట్టకుండా పడుకున్న ఆ రోజు వందనకూ గుర్తుంది. ఇక ఆ మాట ఎత్తలేదు.

దినాల పొద్దున అందరూ పోచారం కాలువ గట్టుకు పోయారు. పిండం పెట్టారు. కాకి కూడా ఏమీ సతాయించకుండా వచ్చి ముట్టింది. ఇక ఆడవాళ్ళ వంతు. ఎవరూ కదల్లేదు. సాయవ్వ దూరంగా తుమ్మచెట్టు కింద అటు తిరిగి కూర్చుంది. ఆమె వెనక మిగతా ముండమోపులు. మగవాళ్ళు మేకమాంసం వంకన అవతలికి జరిగారు. మంగవ్వ కాలువలో మునిగి లేచి, తడిబట్టతో గట్టు మీద నిలబడింది. తల్లిగారి చీర వేస్తే గానీ ఆ తంతు మొదలు కాదు. మొగుడు పోయినదానికి ఆ చీర అన్నదమ్ములు తేవాలి. మంగవ్వకు అన్నదమ్ములు ఎక్కడివాళ్ళు? అక్కడే ఆగిపోయిందంతా.

అప్పుడు మరియ లేచింది. ఆమె చర్చికి పోయే మనిషి, మొగుడు పోయి చాలా కాలమైంది. చంకలోని సంచిలోంచి ఒక చీర తీసింది. ఎల్లారెడ్డిలో తాజుద్దీన్ దుకాణం కవరు ఇంకా దాని మీదే ఉంది.

"నీ తల్లిగారింటోళ్ళు పంపిండ్రక్కా" అంది. "రాజ్‌భవన్ నుంచి. జెర ఆలస్యమైందట, ఏమనుకోవద్దని చెప్పమన్నరు."

చీర తెచ్చి భుజాల మీద కప్పింది. ఎవరో కిసుక్కున నవ్వబోయి ఆపుకున్నారు. మంగవ్వ చీర అంచు వేళ్ళతో పట్టుకుని చూసింది. ఆ మనిషికి ఏడుపు వస్తుందని మరియ అనుకుంది. రాలేదు.

"గాజులు నేను తీస్తనక్కా. మీ పోచమ్మ నన్నేమంటది?"

"నువ్వొద్దు. నువ్వు తీస్తే, కిరస్తానామె తీసింది, అది లెక్కకు రాదంటరు" అంది మంగవ్వ. "నేనే తీసుకుంట."

గట్టు మీద బట్టలుతికే రాయి ఉంది. దాని ముందు కూర్చుని రెండు చేతులూ ఒకదాని తర్వాత ఒకటి రాయికేసి కొట్టింది. ఆకుపచ్చ గాజులు పెళ్ళున పగిలాయి. ఒక ముక్క మణికట్టులో దిగి రక్తం కారింది. మట్టెలు మాత్రం రావడం లేదు. నలబై ఏళ్ళ మట్టెలు, వేళ్ళు లావెక్కి ఇరుక్కుపోయాయి. మొగుడున్న ఆడది ఆ పక్కకే చూడకూడదని వందనను అవతల నిలబెట్టారు. ఆ పిల్ల గబగబా వచ్చి తల్లి కాళ్ళ దగ్గర కూర్చుంది. "ఓ పొల్లా, నువ్వు రావొద్దు!" అని ఎవరో అరిచారు. వినలేదు. కాలువ నీళ్ళతో తడిపి, సబ్బు రాసి, మెల్లగా తిప్పి మట్టెలు తీసింది. పుస్తె కూడా తనే తీసింది. తర్వాత తల్లి మణికట్టు పట్టుకుని గాజుముక్క లాగింది.

"నొప్పి లేస్తుందా అమ్మా?"

"ఏమో బిడ్డా. తెలుస్తలేదు."

వందన తల దించుకుని కట్టు కట్టింది. తుమ్మచెట్టు కింద సాయవ్వ ఒక్కసారి ఇటు తిరిగి చూసి, మళ్ళీ అటు తిరిగింది. హన్మాండ్లు వచ్చి రాయి చుట్టూ పడి ఉన్న ముక్కలు చూశాడు. "నీ ఇష్టమాయె. ఊరికేమన్న అయితే నన్ననొద్దు" అన్నాడు. ఇంతా చేసి మంగవ్వకు ఏమనిపించిందంటే, ఏమీ అనిపించలేదు. గాజులు తీస్తే లోపల ఏదో కదులుతుందనుకుంది. చేతులు తేలికయ్యాయి, అంతే.

ఊరికేమీ కాలేదు. ఎవరికీ అమ్మవారు పొయ్యలేదు. వాన కూడా పడింది. వందన కామారెడ్డి వెళ్ళిపోయింది, తనతో రమ్మంటే మంగవ్వ కదల్లేదు. పొద్దున లేచి పొయ్యి ముట్టించేది. రెండు గ్లాసుల ఛాయ్ పెట్టేది. రెండోది మరియ తాగిపోయేది. ఊరు ఏమీ అనడం లేదు, అవుననీ కాదనీ. గాజులు తీసుకుందట పిచ్చిది అనుకుని, మళ్ళీ దేవుడి పెండ్లాంగానే చూస్తుందేమోనని మంగవ్వకు లోపల భయం పట్టుకుంది. అదొక్కటే ఆమెకు అప్పుడు తెలుస్తున్న సంగతి.

ఒక పొద్దున కుళాయి దగ్గర బిందె నింపుకుని వస్తోంది. హన్మాండ్లు ఇంటి ముందు మోటార్ సైకిల్ స్టార్టు చేసి ఉంది. తెల్లచొక్కా వేసుకున్నాడు, చంకలో కోర్టు కాగితాల సంచి. వాయిదా అన్నమాట. మంగవ్వకు తెలియకుండానే కాళ్ళు ఆగాయి. ఇప్పుడు పిలుస్తాడు. "జెర ఎదురు రా" అంటాడు. అంటే నలబై ఏళ్ళూ, కాలువ గట్టూ, కట్టిన కట్టూ అన్నీ ఉత్తవే అయిపోతాయి.

హన్మాండ్లు తలెత్తాడు. ఆమెను చూశాడు. మొహం చిట్లించాడు. బండి ఆఫ్ చేశాడు, స్టాండు వేశాడు, ఇంట్లోకి వెనక్కి పోయాడు. లోపల కుర్చీ జరిపిన చప్పుడైంది. "ఇన్ని నీళ్ళియ్యే. జెరసేపు కూసోని పోత" అన్నాడు పెండ్లాంతో. ఆమె గుమ్మంలోకి వచ్చి బయటికి చూసింది.

"పొద్దుపొద్దుగాల ఎదురొచ్చుడేంది? మొగడు సచ్చి నెల గాలే, ఇంట్ల కూసోరాదా ముండమోపిది?" అంది.

మంగవ్వ అక్కడే కొంచెంసేపు నిలబడింది. తర్వాత గబగబా నడిచింది. ఇంటి గుమ్మంలోకి రాగానే బిందె జారిపోయి నీళ్ళన్నీ పారాయి. ఆ నీళ్ళల్లోనే కూలబడి, వాడంతా వినబడేలా శోకం ఎత్తుకుంది. మరియ పొయ్యి మీద పాలు వదిలేసి పరుగెత్తుకొచ్చింది.

"ఏమైందక్కా? ఎవలేమన్నరు?"

మంగవ్వ ఆమె రెండు చేతులూ పట్టుకుంది.

"నా మొగడు సచ్చిపోయిండే, మరియా" అంది.